పెద్ద మేస్త్రి హస్తవాసి

బండి స్టార్ట్ చేయగానే కార్బురేటర్ కింద నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారింది.

“మళ్లీ అదే వరస,” అన్నాడు కొరియర్ అతను. “ఈసారీ కుదరకపోతే ఎదురు షాపుకెళ్తా, అన్నా. బండి లేకపోతే నాకు ఉద్యోగం లేదు.”

“కూర్చో, ఇప్పుడే చూస్తా,” అన్నాడు మెకానిక్.

పెద్ద మేస్త్రి పోయాక ఆయన షాపును దళారీ ద్వారా బోర్డుతో సహా కొనుక్కున్నాడితను. కార్బురేటర్ పనిలో పెద్ద మేస్త్రిది మంచి హస్తవాసి అని ఊరంతా చెప్పుకునేది. బోర్డు మీద పేరు అలాగే ఉంది గానీ, బళ్లే ఒక్కొక్కటిగా రోడ్డు దాటిపోతున్నాయి. ఇదీ పోతే షట్టర్ దించుకోవాల్సిందే.

కార్బురేటర్ విప్పి, పెట్రోలు వెళ్లే సన్నటి జెట్లు కడిగి, గాలి కొట్టి, కింది కప్పుకి రబ్బరు రింగు పెట్టబోతుంటే గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

“పొడి రింగు పెట్టకు నాయనా. బిగించేటప్పుడు మెలిపడుతుంది. కారేది అందుకే.”

నెరిసిన జుట్టు, భుజాన గుడ్డసంచి. ఎన్నడూ చూడని మనిషి.

“ఏం కావాలమ్మా?”

“పని కావాలి. కార్బురేటర్లు బిగిస్తా.”

కొరియర్ అతను కిసుక్కున నవ్వాడు. మెకానిక్‌కి ఒళ్లు మండింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

“ఇదేం స్వెట్టరు అల్లడం కాదమ్మా.”

“అల్లడం నాకు రాదు. ఇది వచ్చు. ఆ రింగుకి వేలితో అంటీ అంటనట్టు నూనె రాయి.”

“నూనె రాస్తే దుమ్ము పట్టి జెట్లు మూసుకుపోతాయి.”

“జెట్లకి రాయమన్నానా? రింగుకి.”

“ఇది ఎవరి షాపో తెలుసా? పెద్ద మేస్త్రిది. ఆయన కార్బురేటర్ బిగిస్తుంటే చూసినవాడే లేడు. విడిభాగాలు మూటగట్టుకుని ఇంటికెళ్లి, తలుపేసుకుని, తెల్లారేసరికి బిగించుకొచ్చేవాడు.”

“తెలుసు.”

“తెలిసే వచ్చారా నాకు పాఠాలు చెప్పడానికి?”

ఆమె కదల్లేదు.

“అడుక్కోడానికి రాలేదు, పని అడగడానికొచ్చా. బిగించి చూపిస్తా. కారితే నేనే పోతా.”

“ఇప్పుడే వెళ్లమ్మా. ఈ షాపులో ఆడవాళ్లు స్పానర్ పడితే పెద్ద మేస్త్రి పరువేం కావాలి?”

“ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఇక వినను,” అని ఆమె రోడ్డు దాటి వెళ్లిపోయింది.

మెకానిక్ పంతంకొద్దీ పొడి రింగే పెట్టి, స్క్రూలు ఇంకాస్త గట్టిగా బిగించాడు. స్టార్ట్ చేశాడు. కారింది.

కొరియర్ అతను బండి తోసుకుంటూ ఎదురు షాపుకి నడిచాడు.

మూలన కారుతున్న బండి ఇంకొకటి ఉంది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, దాని కార్బురేటర్ కప్పు విప్పి, కొత్త రింగుకి నూనె రాసి పెట్టాడు. రింగు గాడిలో ఒద్దికగా కూర్చుంది. స్టార్ట్ చేస్తే ఒక్క చుక్కా కారలేదు.

సిగ్గు దిగమింగుకుని రోడ్డు దాటాడు.

ఆమె అప్పటికే ఎదురు షాపులో స్టూలు మీద కూర్చుని ఇంకెవరిదో కార్బురేటర్ బిగిస్తోంది. కొరియర్ బండి వెళ్లిపోయింది. అది నిలబడ్డచోట నేల పొడిగా ఉంది.

“తప్పయిందమ్మా. మా షాపుకి రండి, పనిస్తా.”

“నాకు పని దొరికింది.”

“ఇక్కడేం ఉందమ్మా? అక్కడైతే పెద్ద మేస్త్రి పేరుంది.”

ఆమె స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“మా ఆయనకి విప్పడమే వచ్చు నాయనా, ఆ తలుపు వెనక బిగించిందంతా నేనే.”