మెట్లెక్కిన ఎముకలు

“లిఫ్టు బాగుచేశావా, మా నడుములు విరగ్గొట్టావా?” అంటూ అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు పిన్ని మెట్ల మీదే కూలబడింది.

లిఫ్టు మెకానిక్ స్క్రూడ్రైవరుతో తల గోక్కున్నాడు. “మొన్ననే బాగుచేశానండీ. మళ్ళీ ఎందుకాగిందో అర్థం కావట్లేదు.”

“నీకు అర్థమయ్యేలోపు నేను పైకి పోతాను.”

“పోతే పో గానీ మెట్లెక్కే పోవాలి. లిఫ్టు లేదుగా,” అంది మూడో అంతస్తు బామ్మ, కూరగాయల సంచీ చెయ్యి మార్చుకుంటూ.

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది ఎముకల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ. అపార్ట్‌మెంటంతా ఆమెని బొమికలమ్మ అంటారు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమెది ఒకటే పాట: మెట్లెక్కండి, ఎముకలు గట్టిపడతాయి. ఉపన్యాసాలిచ్చింది. బొమ్మలేసి మరీ కరపత్రాలు పంచింది. పిన్ని వాటిని వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచింది. ఎక్కేవాళ్ళు లేక పరిశోధన మూలపడింది. ఈ ఏడాదైనా ఫలితం చూపించకపోతే ఇంటికెళ్ళిపొమ్మని డైరెక్టరు మొహం మీదే చెప్పేశాడు. కొన్ని నెలలుగా లిఫ్టు మాటిమాటికీ ఆగిపోయి అందరూ మెట్లెక్కక తప్పకపోవడంతో పరిశోధన మళ్ళీ కదిలింది.

“ఇదిగో, వచ్చింది మహాతల్లి!” అంది పిన్ని. “మెట్లెక్కండి మెట్లెక్కండి అని పొద్దస్తమానం నస పెట్టావు. నీ నోటివాక్కు తగిలే మా లిఫ్టు మంచాన పడింది.”

“అయ్యో, అంత మాటనకండి పిన్నీ. నాదీ ఐదో అంతస్తే. నావి మాత్రం కాళ్ళు కావా?” బొమికలమ్మ రొప్పుతూ గోడకి ఆనుకుంది. “వచ్చే నెల ఆఖరి స్కానింగు. అందరూ వస్తారుగా?”

“రాకపోతే నీ ఉద్యోగం ఊడుతుందటగా. వస్తాంలే. పోయినసారి నా ఎముకలు బాగున్నాయన్నావు, నిజమేనా?”

“ఇనుమే పిన్నీ! ఈసారీ అలాగే ఉంటే నేను గట్టెక్కినట్టే.”

“నువ్వు గట్టెక్కుదువుగాని, మేం ఇక మెట్లెక్కలేం. ఇతన్ని మాన్పించేసి రేపే కొత్త మెకానిక్‌ని పిలుస్తున్నాం.”

మెకానిక్ మొహం మాడిపోయింది. బొమికలమ్మ మొహం కూడా.

“పాపం, పిల్లలుగలవాడు పిన్నీ. ఆ మోటారు మాత్రం ఏం చిన్నదా? బామ్మ వయసుంటుంది.”

“మధ్యలో నా వయసెందుకే?” బామ్మ సంచీతో సహా చకచకా పైకి నడిచింది.

“ఇంకొక్క నెల చూద్దాం,” అని బతిమాలింది బొమికలమ్మ. “అప్పటికీ కుదరకపోతే నేనే మెడపట్టి గెంటేస్తాను.”

పిన్ని మెకానిక్‌ని ఎగాదిగా చూసి, బొమికలమ్మ వైపు తిరిగింది. “సరే, నీ మొహం చూసి ఒప్పుకుంటున్నా. ఇంత జాలిగుండె పెట్టుకుని ఎలా బతుకుతావే అమ్మాయ్?”

“ఇంకా అక్కడే ఉన్నావా ముసలీ?” పైనుంచి బామ్మ కేకేసింది.

“ఎవరే ముసలి?” పిన్ని రెయిలింగ్ కూడా పట్టుకోకుండా ఉరుకులు పరుగుల మీద ఎక్కేసింది.

పైన తలుపులు మూసుకున్న చప్పుడయ్యేదాకా బొమికలమ్మ కదల్లేదు. తర్వాత మెకానిక్ పక్కన గొంతుక్కూర్చుని గొంతు తగ్గించింది.

“నేను చెప్పిన వైరే పీకావుగా?”