అక్క తెచ్చిన నీళ్లు

"రొయ్యల ఫ్యాక్టరీ వచ్చినాక మీ ఊరి రాతే మారిపోయింది. ఇంటింటికీ ఉత్తపుణ్యానికి నీళ్ల క్యాన్లంట! మా ఊరోళ్లంతా మిమ్మల్ని చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుంటుండారు," అంది బీజాన్, చెల్లెలింట్లో అడుగు పెడుతూనే.

"ఊరోళ్లేనా, నువ్వు గూడానా?" షాహిస్తా నవ్వింది.

"అందరికంటే ముందు నేనే!"

చేతిలోని మలైకాజా డబ్బాను మంచం మీద పెట్టింది గానీ, కంపెనీ పేరున్న నీలం క్యాన్ మీంచి బీజాన్ చూపు కదల్లేదు.

షాహిస్తా అక్క సంచిలోంచి నీళ్ల బాటిల్ లాక్కుంది. "మీ బావి నీళ్లేనా?"

"అవును, దోవలో తాగేదానికి తెచ్చుకున్నా. కంపెనీ నీళ్లుండంగా నీకు అవెందుకే?"

షాహిస్తా వినిపించుకోలేదు. రంజాన్‌లో రోజా విడిచేటప్పటిలా కళ్లు మూసుకుని, చివరి చుక్క దాకా తాగింది.

"ఫ్యాక్టరీ రాకముందు మా బావి నీళ్లు గూడా ఇట్నే తియ్యగా ఉండేవక్కా. ఫ్యాక్టరీ మురుగు బావిలోకి దిగినాక, ఆ నీళ్లతో బట్టలుతికినా చేతులకి దద్దుర్లే. అందుకే ఈ క్యాన్లు. నిజం చెప్పాలంటే, నిన్ను చూస్తే నాకే కుళ్లుగా ఉండాది."

బీజాన్ చూపు నీలం క్యాన్ మీంచి ఖాళీ బాటిల్ మీదికి మళ్లింది.

"అవునూ, ఈ స్వీట్లు దేనికక్కా?"

బీజాన్ డబ్బాను మెల్లగా కొంగు కిందికి లాక్కుంది.

"మా ఊళ్లో గూడా ఫ్యాక్టరీ పెడతామన్నారే. నిన్ననే అందరం సంతకాలు చేసినాం."