రవ్వంత తేడా

“వాడు బయటికొస్తేనే నేను లోపలికొస్తా,” అన్నాడు పెద్దోడు, కొట్టు మెట్టు మీదే ఆగిపోయి.

లోపలున్న చిన్నోడు వినీ విననట్టు తన డబ్బా తెరిచాడు. అందులోని కొత్త క్లచ్‌ని వెలుతురుకేసి ఎత్తి, దాని కన్నంలోంచి ఒంటికన్నుతో చూసి, మూతపెట్టి చంకన పెట్టుకున్నాడు. అన్న పక్కనుంచే మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు పెద్దోడు లోపలికొచ్చి, తన డబ్బా తీసుకుని తెరిచి, అలవాటుకొద్దీ క్లచ్ కన్నంలో బొటనవేలు దూర్చి, వస్తానక్కా అని తన దారిన తను పోయాడు.

ఆ మిషన్ల సామాన్ల కొట్టులో కౌంటరు వెనకున్నది ఆ ఇద్దరి అక్క. పెద్దోడు బడి మైదానంలో, చిన్నోడు ఆసుపత్రి తోటలో పచ్చిక కోస్తారు. ఇద్దరివీ ఒకే కంపెనీ పాతకాలపు గడ్డి మిషన్లు. ఏది మంచిదన్న దగ్గర మొదలైన వాదన ఎక్కడెక్కడికో పోయి, రెండేళ్ళుగా మాటల్లేవు. ఆదివారం అక్కింటికి భోజనానికి ఒకడు పన్నెండింటికి వస్తే, ఇంకొకడు రెండింటికి వస్తాడు. ఒకడి ముందు ఇంకొకడి ఊసెత్తకుండా రెండుసార్లు వడ్డించీ వడ్డించీ ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

“ఎర్ర గుర్తు డబ్బా పెద్దోడికిచ్చావేంటి? అది లావు షాఫ్టుది, చిన్నోడి మిషన్‌ది కదా,” అన్నాడు అరలు సర్దుతున్న ఆమె భర్త.

“తెలుసండీ. కావాలనే మార్చిచ్చాను. ఒకడిది ఇంకొకడి దగ్గరుంటే కలవక ఏం చేస్తారు?”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. పైకి చూస్తే ఆ రెండు క్లచ్‌లూ కవలపిల్లలే. కాని చిన్నోడి మిషన్ తర్వాతి మోడల్, క్లచ్ కన్నంలో దూరే దాని ఇంజను షాఫ్టు రవ్వంత లావు. లావు షాఫ్టు క్లచ్ పెద్దోడి మిషన్‌కి వదులైపోతుంది. సన్న షాఫ్టు క్లచ్ చిన్నోడి మిషన్‌కి ఎక్కనే ఎక్కదు.

“చిన్నోడికి ముక్కు మీద కోపం. ఎక్కలేదని సుత్తి తీసుకుని బాదాడంటే షాఫ్టు పోతుంది. అలాంటివి ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? తమ్ముళ్ళని కలపబోయి వాడి నోటి దగ్గర కూడు లాగేసేలా ఉన్నావు.”

అది ఆమెకు తట్టనేలేదు. ఇద్దరికీ ఫోన్ చేసింది. ఒక్కడూ ఎత్తలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఆసుపత్రి తోటకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఎక్కడ సుత్తి చప్పుడు వినబడుతుందోనని దారి పొడవునా చెవులు అటే.

తోటలో చిన్నోడు మిషన్‌ని పక్కకి వంచి పట్టుకుని ఉన్నాడు. పెద్దోడు గొంతుక్కూర్చుని బోల్టు బిగిస్తున్నాడు. ఇద్దరూ డబ్బాలు పట్టుకుని ఒకరి చోటికి ఒకరు బయల్దేరి, దారి మధ్యలో ఎదురుపడ్డారట.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మార్చింది తనేనని, సుత్తి పట్టారేమోనని హడలి చచ్చానని మొత్తం చెప్పేసింది.

“వేలు పెట్టగానే తెలిసిందక్కా, కొట్లోనే,” అన్నాడు పెద్దోడు తలెత్తకుండా.

“నాకూ అంతే. చూడగానే,” అన్నాడు చిన్నోడు.

ఆమెకు ఒళ్ళు మండింది. “తెలిసీ నోరు మూసుకుని పట్టుకెళ్ళారా? ఒక్క మాట అడిగితే అక్కడికక్కడే మార్చి ఇచ్చేసేదాన్నిగా.”

తమ్ముళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఇచ్చేస్తావనేగా అడగలేదు.”