మూడో ప్రయోగం

ఢిల్లీని ఆనుకునే ఉన్న వైశాలిలో అపార్టుమెంటు మేడమీద సుభద్ర పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతుంటే భర్త ఫోన్ చేశాడు. భరద్వాజ్ ఢిల్లీలో కృత్రిమ వర్షం కురిపించే బృందంలో శాస్త్రవేత్త.

"విమానం ఇప్పుడే మబ్బుల్లో మందు చల్లింది. రెండుసార్లు చుక్క రాలలేదు. ఇదీ పోతే ప్రాజెక్టు మూసేస్తారట."

"అయితే వానొస్తుందన్నమాట. ఉండండి, వడియాలు తీసేస్తాను."

"తీయకు!"

సుభద్రకు ఒళ్లు మండింది. "మీ వాన మీద మీకే నమ్మకం లేకపోతే సర్కారుకెందుకుంటుందండీ?"

పక్కన ఆఫీసర్లున్నారేమో, భరద్వాజ్ గొంతు బాగా తగ్గించాడు.

"పన్నెండేళ్లుగా చూస్తున్నాను. నువ్వు వడియాలు పెట్టాక వాన పడని రోజు ఒక్కటైనా ఉందా? ఇంకో చీర పరిచి, మిగిలిన పిండి కూడా పెట్టెయ్!"