మాటనూ ఊరడగాలి

రొంపిచెర్ల దాటగానే బొగ్గు బస్సు ఆగిపోయింది.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరకదు. డ్రైవర్ ఖాసిం దిగి, బస్సు వెనక బొగ్గుపొయ్యి రాజేయసాగాడు. జనం తుమ్మచెట్టు నీడన చేరారు.

జీవరత్నం మాత్రం అట్టలూ ముందు పేజీలూ ఊడిపోయిన ఇంగ్లీషు నిఘంటువు పట్టుకుని వల్లె వేస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నమే నరసరావుపేటలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది రాకపోతే తల్లితో పాటు మిరపకోతకు పోవడమే.

"కాట్ అంటే మంచం. కాట్ అంటే మంచం."

పక్కనే గొడుగు ఆనించుకు కూర్చున్న ముసలాయన నవ్వాడు. కోటు నిండా దుమ్ము.

"అట్టా రుబ్బితే మాట నిలవదమ్మాయ్. ఊళ్లోకి కొత్తమనిషొస్తే ముందేం అడుగుతాం?"

"ఏ ఊరు, ఎవరి తాలూకు అని."

"మాటనూ అట్టాగే అడుగు. మన ఖాసిం ఇంట్లో మంచాన్ని ఖాట్ అంటారు గదా. తెల్లోడు ఎత్తుకుపోయింది దాన్నే."

పొయ్యి దగ్గర్నుంచే ఖాసిం తలాడించాడు.

మన చేలల్లో బొరియలు తవ్వే పందికొక్కే ఓడెక్కి బ్యాండికూట్ అయిందన్నాడు ముసలాయన. ఎక్కడో ఆస్ట్రేలియాలో ఇంకేదో జంతువుకూ ఆ పేరే తగిలించారట.

జీవరత్నానికి అంతదాకా రాళ్లలా ఉన్న మాటలు, ఇంటికొచ్చిన చుట్టాల్లా కనబడ్డాయి. అయినా అనుమానం తీరక పేజీ తిప్పింది.

"పందికొక్కు సంగతి ఇందులో లేదే. పుస్తకం తప్పుద్దా తాతా?"

"రాసినోడు అప్పటికి కుర్రోడు లేమ్మా. తొందరెక్కువ."

బస్సు కదిలింది. పేట వచ్చేదాకా ఆమె మాట తర్వాత మాట అడుగుతూనే ఉంది. స్టేషన్ దగ్గర ఆయన మాచర్ల రైలుకని దిగిపోయాడు. వేళ మించుతోందని ఆమె బడికి పరుగెత్తింది.

హెడ్మాస్టరు జ్ఞానయ్య అడిగిన ప్రతి మాటకూ అర్థం చెప్పింది, పుట్టిన ఊరు చెప్పింది, వాడుక చెప్పింది. పందికొక్కు దగ్గర ఆయన కలం ఆగింది.

"ఉద్యోగం నీదేనమ్మా. మాటను ఊరడగమని నీకెవరు చెప్పారు?"

"బస్సులో ఓ తాత," అంది. "గొడుగు, దుమ్ముకోటు. మాచర్ల రైలుకని స్టేషన్ దగ్గర దిగిపోయాడు."

"పేరు?"

జీవరత్నం అన్ని మాటలనూ ఊరడిగింది. ఆయన్ని అడగలేదు.

అంతలో మాచర్ల రైలు కూత వినబడింది. జ్ఞానయ్య గబగబా కిటికీ దాకా వెళ్లి, పొగ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు.

"ఆ మాట మా మాస్టారిది. ఎక్కడున్నారో తెలీక ఏళ్లుగా వెతుకుతున్నా."

తిరిగొచ్చి, ఆమె ఒళ్లోని అట్టల్లేని నిఘంటువును రెండు చేతులా అందుకుని పేజీ తిప్పి చూశాడు.

"ఇది రాసింది ఆయనే."