అక్క అడుగు

క్లినిక్‌లో దీపాలు ఆర్పుతుండగా వరండాలో అడుగుల చప్పుడు వినిపించి, ఫిజియోథెరపిస్టు చేయి స్విచ్చి మీదే ఆగిపోయింది. నడకలో ముందు మడమ ఆనాలి. ఈ అడుగులో మోకాలు పైకి లేచి, వేళ్లు నేలను కొడుతున్నాయి. టప్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టప్.

అచ్చం చనిపోయిన తన అక్క నడకే. తుంటి ఆపరేషన్‌లో నరం తెగి అక్క పాదం వేలాడిపోయింది. "నరానికేం కాలేదు, అన్నీ నాటకాలు" అన్నాడు కోసిన సర్జన్. ఆ పాదమే మెట్టుకు తగిలి అక్క మెట్ల మీంచి పడి ప్రాణం విడిచింది.

ఆమె తలుపు తీసింది. ఎదురుగా ఆ సర్జనే ఉన్నాడు.

"నా కాలికి ఏ జబ్బూ లేదమ్మా. పరీక్షలన్నీ చేయించాను. మీ అక్క పోయిన రోజు నుంచీ ఇదే నన్ను నడిపిస్తోంది."

ఆయన రెండు చేతులా ద్వారబంధం పట్టుకుని ఆగాడు. కాలు ఆగలేదు. మోకాలు తనంతట తానే లేచింది. టప్.

"ఆపమని చెప్పు తల్లీ. నీ మాటైతే వింటుంది."

ఆమెలో భయం కంటే కడుపుమంటే ఎక్కువైంది. ఆ పాదం దగ్గరికి వంగి, మెల్లగా చెప్పింది.

"ఆపకక్కా. ఇంకా నడిపించు."