పరీక్ష ఫోటో

దుకాణంలో బాగా చీకటిగా ఉండే మూల ఎక్కడుందని అమ్మాయి అడిగింది.

కెమెరాల దుకాణదారు వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడి ట్యూబ్‌లైటు కాలిపోయి చాలా కాలమైంది. దాని కింద స్టూలు మీద ఒక పెద్దాయన, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

అమ్మాయి కొండగుహలకు వెళ్తోంది. గుహల్లోని పాతకాలపు బొమ్మల్ని ఒక పత్రిక కోసం ఫోటోలు తియ్యాలి. రంగులు పాడవుతాయని అక్కడ ఫ్లాష్ వెయ్యనివ్వరు. వెనక్కి జరగడానికి చోటుండదు. చాలీచాలని వెలుతురులో గోడ మొత్తాన్నీ ఒక్క ఫ్రేములో పట్టాలి. ఇది కుదిరితేనే పత్రికవాళ్ళు ఇంకో పని చెప్తారు. లేకపోతే మళ్ళీ పుట్టినరోజులూ, కేకులూ.

బల్ల మీద రెండు వైడ్ లెన్సులున్నాయి. ఒకటి కొత్తది, జూమ్. ఇంకోటి ఎవరో వాడి ఇచ్చేసింది. దానికి జూమ్ లేదు గాని వెలుతురును బాగా తాగుతుందని దుకాణదారు చెప్పాడు. అంచు మీద మాత్రం చిన్న సొట్ట.

"ఈ సొట్టేమిటి?" అంది అమ్మాయి.

దుకాణదారు నోరు తెరిచేలోపే మూల నుంచి జవాబొచ్చింది. "పై రేకేనమ్మా. లోపలి గాజుకి తగల్లేదు."

మిమ్మల్నెవరడిగారు అని అమ్మాయి అనలేదు. మొహం అనేసింది.

ప్రతి దుకాణానికీ ఇలాంటివారు ఒకరుంటారు. కొనరు, కొనేవాళ్ళకి సలహాలిస్తారు.

అయినా పరీక్షించడానికి ఒక ముఖం కావాలి. కాస్త అలాగే కూర్చుంటారా అని అడిగింది.

పెద్దాయన గబుక్కున లేచాడు. జేబులోంచి దువ్వెన తీసి, అద్దాల బీరువాలో చూసుకుంటూ పాపిడి తీసుకున్నాడు. కాలరు బొత్తాం పెట్టుకున్నాడు.

"పెళ్ళికొడుకైపోతున్నారే" అన్నాడు దుకాణదారు.

"ఉన్న పెళ్ళాం ఒప్పుకోవద్దూ" అంటూ వచ్చి కూర్చున్నాడు పెద్దాయన. తర్వాత అమ్మాయితో అన్నాడు, "నన్ను ఫ్రేము అంచుకి నెట్టకమ్మా. మొహం సొరకాయలా సాగుతుంది."

"నేను చూడాల్సింది అంచేనండీ."

"అయితే కానీ."

ముందు జూమ్‌తో తీసింది. అంతా మసక. వెలుతురు చాలక షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సి వచ్చింది. ఆయన చేతులున్న చోట పొగలాంటి చార పడింది.

"చేతులు కదుపుతున్నారు" అని విసుక్కుంది.

ఆయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. "ఇప్పుడు కదలవులే."

పాత లెన్సుతో తీసింది. ఆ చీకట్లోనే కాలరు బొత్తానికి వేలాడుతున్న దారప్పోగు కూడా కనిపించింది.

దాన్నే తీసుకుంది.

దుకాణదారు సర్దుతుండగా పెద్దాయన దగ్గరకొచ్చాడు. ఆ ఫోటో ఒక కాపీ కావాలన్నాడు. తర్వాతైనా సరే, ఇక్కడ ఇచ్చినా చాలట, ఇంట్లో చూపిస్తాడట.

"పరీక్షకి తీసిందండీ. మొహం సాగిపోయింది."

"సాగినా నేనేగా."

ప్రయాణం నుంచి వచ్చాక ఇస్తానంది. పెదవి చివరి మాట.

ఆమె గుమ్మం దిగేవరకూ ఆయన చూస్తూనే ఉన్నాడు. చూపు ఆమె మీద లేదు, భుజాన ఉన్న సంచీ మీద ఉంది.

గుహల్లో లెన్సు మాట నిలబెట్టుకుంది. చివరి గుహలోకొచ్చేసరికి కెమెరా కార్డు నిండిపోయింది. అన్నిటికంటే ముందున్నవి దుకాణంలోని ఫోటోలు. తెర మీద పాపిడి తీసుకున్న ముఖం వచ్చినప్పుడు ఆమె బొటనవేలు ఆగింది. కాపలావాడు తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వేలు చెరిపే మీట నొక్కింది.

ఆ చోట్లో గుహ గోడలు నిండాయి.

పత్రికకి ఫోటోలు నచ్చాయి. ఇంకో పని కూడా చెప్పారు.

లెన్సు మూత పోతే, కొత్తది కొనడానికి అమ్మాయి మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. కాలిపోయిన ట్యూబ్‌లైటు కింద, అదే స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

దుకాణదారు ఎదురొచ్చి గొంతు తగ్గించాడు. పెద్దాయన పోయాడు. నిద్రలోనే. ఫోటో వస్తుందని ఇంట్లో చెప్పి పెట్టాడట, దాని కోసం ఆవిడ వచ్చిపోతోంది.

అమ్మాయి కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. చెరిపేశానని చెప్పింది, ఆవిడకు వినబడేలాగే.

దుకాణదారు కంప్యూటరు ముందు చాలాసేపు కుస్తీ పట్టాడు. ఒక్కటే దొరికింది, అదీ సగం. కాలిపోయిన ట్యూబ్‌లైటు, గోడ, ఒక అంచున నెరిసిన జుట్టులో తిన్నని పాపిడి. నుదుటి దగ్గర్నుంచి కిందికంతా బూడిద రంగు.

పెద్దావిడ తెరకి దగ్గరగా జరిగింది.

"దువ్వుకున్నారే" అంది.

అమ్మాయి తల ఎత్తలేకపోయింది. ఇంట్లో ఇంకేవైనా ఫోటోలు ఉంటాయి కదా అని గొణిగింది.

"పెళ్ళినాటి ఫోటోలో ఆయన మోచెయ్యుంది. కెమెరా నిలబెట్టి, మీట నొక్కి, నా పక్కకి పరిగెత్తుకొచ్చారు. అందలేదు."

ఆవిడ చెయ్యి అమ్మాయి మెడలోని కెమెరా మీదికి వచ్చింది. చూడకుండానే వేలు నేరుగా లెన్సు అంచు మీది సొట్టని తాకింది.

"ఇది నా చేతిలోంచే జారింది. ఒక్క మాటనలేదు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయనే తెచ్చి ఇక్కడిచ్చారు. ఎవరింటికి పోతుందో చూడాలని రోజూ వచ్చి కూర్చునేవారు."

సొట్ట మీది వేలు అలాగే ఉంది.

"ఇన్నేళ్ళలో ఆయన దీని ముందు కూర్చున్నది అదొక్కసారేనమ్మా."